విడుపులమ్మ గుడికి తలుపు లేని కారణం

మూడు లోకాలలోనూ మా విడుపులపాడును మించిన పుణ్యక్షేత్రం లేదని ఘంటాపథంగా చెప్పగలను. కాకపోతే తక్కిన రెండు లోకాలూ నేను చూడలేదు, ఈ లోకంలో సైతం మా తాలూకా దాటింది రెండుసార్లే.

పూర్వం ఈ సీమను సింగమనాయకుడనే దొర, దయాసముద్రుడనే బిరుదు ధరించి పరిపాలించేవాడు. ఆ సముద్రంలో దిగడానికి ఒక పద్ధతి ఉండేది. దొరగారి గడ్డివాముల్లో నోరుపెట్టిన పశువును బందెలదొడ్డిలో పెట్టి తాళం వేస్తే, దాని ఆసామి వాకిట నిలిచి, గడ్డి కరచి, 'దయ చూపండి దొరా' అని ముమ్మారు స్పష్టంగా పలకాలి. నోట గడ్డి పెట్టుకుని స్పష్టంగా పలకడం ఎవరి తరం? అందుకని జనం ఇళ్ల దగ్గరే సాధన చేసి వచ్చేవారట.

ఒక ఏరువాక పున్నమినాడు గొల్ల పోలక్క చూడిగేదె ఆ దొడ్డి పాలైంది. పోలక్క పరుగున వచ్చేసరికి దానికి నొప్పులు మొదలై, దూడ అడ్డం తిరిగింది. ఆమె గబగబా గడ్డి కరచి మూడుసార్లు మొరపెట్టుకుంది.

"వినబడలేదే, మళ్లీ అను," అన్నాడు దొర, అరుగుమీద కాలుమీద కాలు వేసుకుని.

పోలక్క గడ్డి ఉమ్మేసింది. "నాకంటే నోరుంది, ముప్పైసార్లంటాను. లోపల చస్తున్నదానికి ఈ మాట రాదు దొరా! అది ఎట్లా అడగాలో తమరే సెలవియ్యండి."

అప్పుడే గేదె అరిచింది. దొర చివాలున లేచి, తాళంచెవి కోసమైనా ఆగక, దొడ్డి తలుపు తన్ని పడగొట్టి, పట్టుశాలువా విసిరేసి పేడలో మోకరిల్లాడు.

"లాగకు! ముందు వెనక్కి నెట్టు!" అని పోలక్క గదమాయించింది. దయాసముద్రుడు చెప్పినట్టే మోచేతిదాకా చేయిపెట్టి, సరిచేసి, దూడను బయటికి తీశాడు. దానిలో ఊపిరి లేదు. ఆయన దాని ముక్కులో తన ఊపిరి ఊదాడు. మూడోసారికి అది ఆయన ముఖం మీదే తుమ్మి లేచింది.

"తమరు చేసిన ఈ పనినేమంటారు దొరా?" అంది పోలక్క, కళ్లు తుడుచుకుంటూ.

"ఏమో పోలక్కా, ఇంతకుముందు చేసి ఎరగను."

ఆ దూడ లేచిన చోట వెలసిన శిలారూపమే విడుపులమ్మ. ఆ దొడ్డే ఆమెకు గుడి అయింది; దొర తన్ని పడగొట్టిన ఆ వాకిలికి నేటికీ తలుపు లేదు. ఏటా ఏరువాక పున్నమినాడు రైతులు పశువుల పలుపులు విప్పి ఆ వాకిలి రాతి స్తంభాలకు వేలాడదీస్తారు. ఎవరూ ఏ కోరికా కోరరు, అడగకముందే ఇచ్చే తల్లి గనుక.

ఇది కట్టుకథ అనేవారి కోసం సిగ్గు విడిచి చెబుతున్నాను: లెక్కల పరీక్షలో నాకు వచ్చినవి ముప్పైరెండు, ముప్పైయైదుకు గట్టెక్కించిన ఆ మూడు మార్కులూ నేను అడగకముందే వేసిన మహానుభావుడెవరో నాకు నేటికీ తెలియదు.