కూర్మారావుకు దొరికిన గుండీ

భీమునిపట్నంలో కూర్మారావు అనే రిటైరైన బ్యాంకు గుమాస్తా ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, తన చేతికి చిక్కిన ప్రతిదాన్నీ గొప్పచేసి చెప్పే అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు. రోజూ పొద్దున్నే లోహాలను పసిగట్టే యంత్రం పట్టుకుని సముద్రపు ఒడ్డున తిరిగేవాడు. అది కీచుమంటే చాలు, ఇసుక తవ్వేవాడు. తుప్పుపట్టిన మేకు దొరికితే ఓడ మేకు అనేవాడు. బెల్టు బిళ్ళ దొరికితే దొరగారిది అనేవాడు. భార్య నూకరత్నం నవ్వుతూ వినేది. కాళ్ళ ఇసుక గడప బయటే దులుపుకోమని మాత్రం చెప్పేది.

ఒకనాడు అతనికి ఇత్తడి గుండీ దొరికింది. దాని మీద ఒకదాన్నొకటి దాటుతూ రెండు గీతలు మసకగా కనిపించాయి.

"కత్తులు! ఇది డచ్చి సేనాని కోటు గుండీ!" అని గంతేశాడు కూర్మారావు. ఊరి గ్రంథాలయంలో ఆ ఆదివారం పాత వస్తువుల ప్రదర్శన ఉంది. గుండీని అక్కడ పెడుతున్నానని అందరికీ చెప్పేశాడు.

ఆదివారం పొద్దున నూకరత్నం ఆ గుండీని సబ్బునీళ్ళలో ముంచి, మెత్తని బ్రష్షుతో మట్టి వదిలించింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏమండీ, ఇవి కత్తులు కావు. చివర్లు చూడండి, ఎలా విచ్చుకున్నాయో! ఇవి బాకాలు. మా నాన్న కోటుకి ఇవే గుండీలుండేవి."

ఆమె తండ్రి ఎర్రయ్య పెళ్ళి బ్యాండులో మాస్టరు. ఒకసారి వినాయక నిమజ్జనం నాడు ఈ ఒడ్డునే కోటు గుండీ పోగొట్టుకున్నాడు. అలాంటిది మళ్ళీ దొరక్క, ఆ చోట పిన్నీసు పెట్టుకునే ఎన్నో పెళ్ళిళ్ళకు వాయించాడు. కూర్మారావు మాత్రం స్నేహితులతో "మా మామగారు వ్యాపారం చేసేవారు" అని చెప్పుకునేవాడు.

"ఊరుకోవే, ఎవరైనా వింటే బాగుండదు," అన్నాడతను.

 ఆమె గుండీని తుడిచి అతని చేతిలో పెట్టింది.

ప్రదర్శనలో గుండీ పక్కన "డచ్చి సేనానిది" అని రాసిన అట్ట చూసి జనం మూగారు. కాలేజీలో చరిత్ర చెప్పే సువర్చల గారు గుండీని వెనక్కి తిప్పారు.

"చేసినవాళ్ళ గుర్తు వెనకే ఉంటుందండీ. ఇదిగో, మద్రాసు అని ఉంది. డచ్చి వాళ్ళు ఈ ఊరు వదిలి వెళ్ళిపోయిన ఎంతో కాలానికి చేశారు దీన్ని. మరి ఇది ఎవరిదై ఉంటుందంటారు?"

కూర్మారావు గుండీ వంక చూశాడు. "ఏమోనండీ" అనేస్తే ఆ పూటకి గండం గడిచిపోయేది. కానీ అతని చూపు వెనక వరస మీద పడింది. నూకరత్నం తల వంచుకుని, చీర చెంగును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె పుట్టింటి ఊసు నలుగురిలో ఎందుకు ఎత్తదో అతనికి అప్పుడు తెలిసింది. ప్రాణం చివుక్కుమంది.

"ఇది మా మామగారిదండీ," అన్నాడు గట్టిగా. "బ్యాండు మాస్టరు ఎర్రయ్య గారిది. మా ఆవిడ పొద్దున్నే చెప్పింది. నేనే వినిపించుకోలేదు."

 అంతలో ఒక ముసలాయన చేతికర్ర ఊపుకుంటూ ముందుకొచ్చాడు.

"ఎర్రయ్యా! నా పెళ్ళికి వాయించాడు బాబూ! ఆయన బాకా వింటూ నేనెక్కిన గుర్రం అడుగు కదపలేదు. ముహూర్తం దాటిపోతుందని మా అయ్య ఒకటే గోల!"

అందరూ గొల్లున నవ్వారు. నూకరత్నాన్ని ముందుకు పిలిచి కూర్చోబెట్టారు. ఆమె మొదట మెల్లగా, తర్వాత పకపకా నవ్వుతూ తండ్రి కబుర్లు చెప్పింది. మిగతా వస్తువుల వంక చూసినవాళ్ళే లేరు.

కూర్మారావు పాత అట్ట చించేసి, కొత్తది ఆమె చేతికిచ్చాడు. "నువ్వే రాయి రత్నం," అన్నాడు. తండ్రి పేరు రాస్తుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. 

లేని గొప్ప తగిలించినందువల్ల వస్తువుకీ విలువ రాదు, మనిషికీ రాదు. మనవాళ్ళ గురించి ఉన్నది ఉన్నట్టుగా, తలెత్తి చెప్పుకోవడమే నిజమైన గొప్పతనం.