టీచరమ్మ ఇల్లు చూపించిన అన్నదమ్ములు

అనకాపల్లిలో గవర్రాజు, పైడిరాజు అని ఇద్దరు అన్నదమ్ములు. ఇళ్ళ బ్రోకర్లు. "అమ్మేవాళ్ళు చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. అంత బుర్ర మాకే ఉంది" అని వాళ్ళకి వాళ్ళే చెప్పుకునేవారు. పాపం, ఇంకెవరు చెప్తారు?

కనకరత్నం టీచరమ్మకి పార్వతీపురం బదిలీ అయింది. సోమవారమే చేరాలి. అంటే ఈ ఆదివారం ఇల్లు అమ్ముడైపోవాలి. ఆ రోజు తలుపులు తీసి, వచ్చినవాళ్ళందరికీ ఇల్లు చూపించే పని ఈ మహానుభావులకి అప్పజెప్పి, మూడే మాటలు చెప్పింది.

"మీ సొంతిల్లనుకుని చూసుకోండి. పేరూ ఊరూ రాయకుండా ఎవర్నీ లోపలికి రానివ్వకండి. నాకు తొందరగా ఉందని ఎవరికీ చెప్పకండి." అలా చెప్పి బజారుకెళ్ళింది.

ఇంకేముంది! ముందు తమ పేర్లే రాసుకుని లోపలికెళ్ళారు. ఇంతలో పిల్లి దూరింది. "నీ పేరేంటే?" అంటే చెప్పదే! అంతే, దాన్ని తరుముతూ రెండు కుండలు పగలగొట్టారు.

అప్పుడొచ్చాడు రిటైరైన రైలు గార్డు సన్యాసిరావు, భార్యతో సహా. ఇల్లు నచ్చింది. "ఏం బాబూ, టీచరమ్మగారికి అమ్మాలని తొందరేమైనా ఉందా?" అనడిగాడు.

"అమ్మో! రేపే పార్వతీపురంలో చేరాలని ఎవరికీ చెప్పొద్దన్నారు. చచ్చినా చెప్పం!" అన్నాడు గవర్రాజు.

గార్డుగారు మీసాల్లో నవ్వుకున్నాడు. "అయితే ధర తగ్గించండి, ఇప్పుడే కొనేస్తా."

పైడిరాజుకి కోపం నషాళానికంటింది. "అన్నయ్యా, వీళ్ళు మనింటికే ఎసరు పెడుతున్నారు! మా సొంతిల్లు మేమెందుకమ్ముతాం? నడవండి బయటికి!"

బజారు నుంచి వస్తున్న టీచరమ్మకి వీధి మలుపులో వాళ్ళే ఎదురై ఈ సంగతి చెప్పారు. గార్డుగారి భార్య చేతులు పట్టుకుని బతిమాలింది. ఆవిడ మొగుణ్ణి ఓ చూపు చూసింది.

"సరేలెండి, మీరు చెప్పిన ధరకే. ఇల్లు మాత్రం ఇందాక చూసినట్టే ఉండాలి" అన్నాడాయన.

టీచరమ్మ పరుగున వచ్చి గేటు దగ్గర్నుంచే అరిచింది. "చాలు నాయనా మీ సేవ! తక్షణం బయటికి పోండి! మళ్ళీ నా గుమ్మం తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతా!"

లోపలున్న అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు.

"బయటికి పోవాలట, గుమ్మం తొక్కకూడదట. ఎలారా తమ్ముడూ?"

"బుర్రుండాలే గానీ అన్నయ్యా, అదెంత పని?" అంటూ పైడిరాజు మూలనున్న గునపం అందుకున్నాడు.

గార్డుగారు కాగితం, కలం పట్టుకుని గేటులోకి వచ్చేసరికి ఇంటి ముందుగోడ దభేలుమని కూలింది. ఆ దుమ్ములోంచి సున్నం కొట్టుకుపోయిన అన్నదమ్ములు బయటికొచ్చారు.

"చూసుకోండమ్మా! గుమ్మం మీద ఒక్క అడుగు పడిందేమో!"