వంత తప్పని మనిషి

గోవర్ధనదాసు గారికి ఒక అలవాటు ఉంది. ఎవరేం చెబుతున్నా ఆయన ఊ కొట్టరు. చెప్పేవాళ్ల మొహంలోకి చూస్తూ కూర్చుంటారు, అంతే. కొత్తవాళ్లకు ఇది మహా ఇబ్బంది. మనవైపు కథంటే ఎదుటివాడు ఊ కొట్టాల్సిందే, ఊ ఆగితే కథా ఆగుతుంది, చంటిపిల్లలకు సైతం తెలిసిన సంగతి ఇది. "ఈయన వింటున్నాడా, కళ్లు తెరుచుకుని నిద్రపోతున్నాడా?" అని గొణుక్కుంటూ వెళ్లినవాళ్లున్నారు. ఒకప్పుడు ఆయన హరికథలు చెప్పేవారు. గొంతు పోయాక గజ్జెలు విప్పేసి, రేపల్లెలో తన ఇంటి అరుగు మీదే కూర్చుని, కథ చెప్పాలనో తమ బతుకు రాసుకోవాలనో ముచ్చటపడి వచ్చేవాళ్లకు నాలుగు మంచిమాటలు చెబుతున్నారు. వచ్చేవాళ్లంతా అరవై దాటినవాళ్లే. మనవల్నెత్తే వయసులో పలక పట్టిన బడి అని ఊళ్లో వేళాకోళం.

ఆ బడిలో చేరినవాడే కోటిలింగం. మీసాలు రాకముందు నుంచి వెంకటప్పయ్య గారి బుర్రకథ దళంలో వంత. బుర్రకథ చూసినవాళ్లకు తెలుసు, నడుమ తంబురా భుజాన వేసుకుని కథ నడిపేవాడు కథకుడు, అటొకడూ ఇటొకడూ డక్కీలు వాయిస్తూ తందాన అనేవాళ్లు వంతలు. ఆ ఇద్దరిలో ఒకడు జనాన్ని నవ్వించాలి, వాడికి కాస్త బుర్రుండాలి. రెండోవాడికి ఆ బాధ లేదు. కథకుడు ఏమన్నా సరే 'ఔనౌను' అనో 'భళీ' అనో అంటే చాలు, తాళం తప్పకూడదు. కోటిలింగం ఆ రెండోవాడు. ఒకసారి తిరనాళ్లలో ఒళ్లు తెలియని జ్వరంతో నిలబడే నిద్రపోయాడట. చేతిలో డక్కీ ఆగలేదు, నోట్లో ఔనౌను తప్పలేదు. ఆ సంగతి తెలిసి వెంకటప్పయ్య గారు మైకులోనే "వంతంటే మా కోటిలింగానిదిరా!" అన్నారట. ఆ మాట కోటిలింగం ఎన్ని వందలమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు.

కాలం మారింది. బుర్రకథ పెట్టించేవాళ్లు లేకపోయారు, దళం చెదిరిపోయింది, వెంకటప్పయ్య గారు పోయారు. ఆ వెనకే కోటిలింగం భార్య సామ్రాజ్యం పోయింది. కడుపులో గడ్డ. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికే మించిపోయింది, ఆర్నెల్ల ముందు తెచ్చుంటే చూసేవాళ్లం అన్నారు డాక్టర్లు. ఇంట్లో మాటన్నది లేకుండా పోయేసరికి, జీవితమంతా ఒకరి మాటకు తాన అన్న మనిషి తనే నోరు విప్పాడు. లైబ్రరీలో ఒకనాడు పిల్లలకు కథ చెప్పమంటే చెప్పాడు. పిల్లల వెనక పెద్దలు చేరారు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా ఈ నోరు?" అన్నారు. ఆ ఊపుతోనే తన కథంతా పుస్తకంగా రాస్తానని కూర్చున్నాడు. బాపట్లలో ఒక ప్రెస్సువాళ్లు అచ్చేస్తామని మాటిచ్చారు కూడా.

ఒకనాటి పొద్దున సంచీలో కాగితాల కట్ట పెట్టుకుని కోటిలింగం గురువుగారి అరుగెక్కాడు. లోపల వంటింట్లో దాసుగారి భార్య తులశమ్మ గారు దోసెల పిండికి మిక్సీ వేస్తున్నారు. ఆ చప్పుడుకు అరుగు మీది మాట లోపలికి వినపడేలా లేదు.

"గురువుగారూ, తమరిని ఒకటడగాలి," అని కట్ట విప్పాడు కోటిలింగం. "దళం సంగతులు రాస్తుంటే కలం పరుగెడుతోందండి. ఏ ఊళ్లో ఏ పందిట్లో మా వెంకటప్పయ్య గారు ఏ పిట్టకథ ఎత్తుకున్నారో అక్షరం పొల్లుపోకుండా వస్తోంది. సామ్రాజ్యం దగ్గరకొచ్చేసరికి..." అని ఒక్క కాగితం తీసి ఆయన చేతికిచ్చాడు.

దాసుగారు కాగితాన్ని బాగా కుడివైపుకు జరిపి పట్టుకుని చదివారు. 'నా భార్య సామ్రాజ్యం. పుట్టిల్లు పొన్నూరు. గోంగూర పచ్చడి ఆమె చేసినట్టు ఎవరూ చేయలేరు. ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. తన బాధ ఒక్కనాడూ నాకు చెప్పలేదు. మహా ఓర్పు గల మనిషి.' అంతే ఉంది.

"కాపురం చేసిన మనిషి గురించి ఒక్క కాగితమా అండీ!" అన్నాడు కోటిలింగం. "ఎంత గింజుకున్నా ఇంకొక్క ముక్క రావడంలేదు. ఈ పుస్తకం అసలు దానికోసమేనండి, మిగతాదంతా ఎవరిక్కావాలి? ఆలస్యంగా మొదలెట్టానంటారా? అది బతికుండగానే రాసుంటే వచ్చేదంటారా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానేమో చెప్పండి, మానేస్తాను."

దాసుగారు కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. "ఒక్కనాడూ చెప్పలేదా?" అన్నారు.

"లేదండి," అన్నాడు కోటిలింగం, అడగడమే తడవుగా.

అంత తొందరగా అనడానికి ఒక కారణం ఉంది. సామ్రాజ్యం పెద్దకర్మ నాడు, బంధువులంతా భోజనాలకు కూర్చున్నాక, ఆమె చెల్లెలు వజ్రమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చి అతన్ని నిలదీసింది. "కడుపులో నొప్పని అక్క నీకు చెప్పిందట కదా బావా? నువ్వు ఊ అన్నావట కదా? బావ చూస్తాళ్లే అని ఊరుకున్నానే, నా ఖర్మ!" అని నలుగురిలో బావురుమంది. కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది. చచ్చిపోయిన మనిషి మీద పెట్టి అబద్ధాలాడుతోందని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆనాటి నుంచి పొన్నూరు గడప తొక్కలేదు. సామ్రాజ్యంతో కలిసి పుట్టి పెరిగినవాళ్లలో మిగిలింది వజ్రమ్మ ఒక్కతే. అయినా సరే, ఆ మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు.

దాసుగారు కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. "సరే, నీకో కథ చెబుతాను. ఊ కొట్టు," అన్నారు.

కోటిలింగానికి ప్రాణం లేచి వచ్చింది. ఊ కొట్టడమంటే మరి అతని ఇలాకా! గోడకు ఆనుకుని సర్దుకుని కూర్చున్నాడు. వేళ్లు వాటంతటవే మోకాలి మీద డక్కీ వాయించసాగాయి.

"ఒక రాజుగారి పట్టపుటేనుగు ముసలిదైంది," అని మొదలుపెట్టారు దాసుగారు.

"ఊ."

"వయసులో ఉండగా అది తొక్కని యుద్ధం లేదు, దాటని ఏరు లేదు."

"ఔనౌను."

"ముసలితనంలో ఒకనాడు రాజుగారు దానిమీదెక్కి కూతురి ఊరికి బయల్దేరారు. దారిలో మోకాలి లోతు వాగు."

"ఆహా."

"వాగొడ్డుకొచ్చి ఏనుగు ఆగిపోయింది. మావటి అంకుశంతో పొడిచాడు."

"అయ్యయ్యో."

కోటిలింగం ఎంత బాగా కొడుతున్నాడనుకున్నారు ఊ! ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కుతున్నాడు, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీస్తున్నాడు. మనసు మాత్రం ఏనుగుతోపాటు లేదు. బాపట్ల ప్రెస్సులో ఉంది. అట్ట మీద తన పేరు పెద్దక్షరాల్లో వేయించాలా చిన్నక్షరాల్లోనా అన్న తర్కంలో ఉంది.

"శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచి నాకు ఎడమకన్ను కనపడటంలేదు," అన్నారు దాసుగారు, అదే గొంతుతో.

"ఊ."

"బొత్తిగా చీకటి."

"ఔనౌను."

"ఇంట్లో చెప్పలేదు."

"భళీ."

వంటింట్లో మిక్సీ ఠక్కున ఆగింది. పిండి చేతులతోనే తులశమ్మ గారు వాకిట్లోకి వచ్చి పడ్డారు.

"ఏమన్నారూ? ఎడమకన్నేమిటి? మళ్లీ చెప్పండి."

దాసుగారు తప్పుచేసి పట్టుబడ్డ పిల్లాడిలా గోడకేసి చూశారు. "మిక్సీ మోగుతోంది కదా, వినపడదనుకున్నాను," అని గొణిగారు.

"శివరాత్రి నుంచా! నిన్న గుమ్మం తగిలి తూలితే తల తిరిగిందన్నారు, అంతా బుకాయింపా? పప్పులో ఉప్పు తగ్గితే ఇల్లెగరగొట్టే మనిషి, కన్నుపోతే నోరు పెగల్లేదా మీకు?" ఆవిడ పవిటచెంగుతో చేతులు తుడుచుకుంటూ ఏడుస్తున్నారు, ఏడుస్తూనే తిడుతున్నారు. తిడుతూ కోటిలింగం వైపు తిరిగారు. "మీరైనా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, భళీ అంటారేమిటన్నయ్య గారూ! ఎక్కడో పొయ్యి దగ్గరున్న నాకే వినపడిందే!"

ఆవిడ చెప్పులేసుకుని ఆటో పిలవడానికి వీధిలోకి పరుగెత్తారు. అరుగు మీద ఇద్దరే మిగిలారు. కోటిలింగం మోకాలి మీద వేళ్లు అప్పటికి ఆగాయి.

"నేను వినలేదు గురువుగారూ," అన్నాడు.

"ఊ అన్నావు," అన్నారు దాసుగారు.

కథ ఆడి తెల్లారగట్ల ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని తను చద్దన్నం తింటున్న రోజులు ఒక్కసారిగా కోటిలింగం కళ్లముందుకు వచ్చాయి. సామ్రాజ్యం ఎదురుగా కూర్చునేది. పగలంతా పడుకుని మళ్లీ సాయంత్రం వెళ్లిపోయే మొగుడితో ఆవిడ మాట్లాడుకునే వేళ అదొక్కటే. మాట్లాడేది, తను ఊ కొట్టేవాడు. ఊ, ఔనౌను, అలాగా, అయ్యో. ఎక్కడా తప్పలేదు. "మా ఆయనకు ఎంత ఓపికో, నేనెంత వాగినా విసుక్కోడు" అని అమ్మలక్కలతో చెప్పి మురిసిపోయేది పిచ్చిది.

దళం ఆఖరి రోజుల్లో ఒక పొద్దున మాత్రం వేరే విధంగా గుర్తుకొస్తోంది. మంచినీళ్ల చెంబు పక్కన పెట్టి, ఆవిడ కడుపు మీద ఎడమపక్క చెయ్యి అదుముకుంది. అదుముకుని ఏదో అంది. పెదవులు కదలడం కనపడుతోంది, ఎర్రగళ్ల చీర కనపడుతోంది, ఆవిడ తన మొహంలోకి చూసిన చూపు కూడా కనపడుతోంది. మాట వినపడటం లేదు. ఎంత చెవి ఒగ్గినా వినపడటం లేదు. వినపడుతున్నదల్లా తన గొంతే, ముద్ద మింగుతూ తాళం తప్పకుండా అన్న "ఊ". ఆ ఊ విని ఆవిడ స్థిమితపడి, తలాడించి, చెంబు అందుకుని లోపలికి వెళ్లిపోయింది.

"చెప్పింది గురువుగారూ," అన్నాడు కోటిలింగం. "అది చెప్పింది. వజ్రమ్మ అబద్ధమాడలేదు. చెప్పలేదని రాశానే, అచ్చేయిద్దామనుకున్నానే!" అని, అరవై ఆరేళ్ల మనిషి అరుగు మీద తల బాదుకుని ఏడ్చాడు.

దాసుగారు ఊరుకోమనలేదు. అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపులో ఒక కన్ను తనని చూడటం లేదని కోటిలింగానికి అప్పుడు తెలిసింది.

ఈలోగా వీధిలో ఆటో వచ్చి ఆగింది. తులశమ్మ గారు లోపలికి వెళ్లి, పాత మందుల చీటీలూ తువ్వాలూ సంచీలో కుక్కుకుంటూ హడావుడి పడుతున్నారు. కోటిలింగం కళ్లు తుడుచుకుని గురువుగారి ఎడమచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. మడత పెట్టిన కాగితం ఇంకా ఆయన దగ్గరే ఉంది.

"ఆ ముక్క కొట్టేస్తానండి," అన్నాడు కోటిలింగం. "కొట్టేసి ఏం రాయమంటారు? దాని మాటలు ఒక్కటీ నా దగ్గర లేవే!"

దాసుగారు తడుముకుంటూ ఆటో ఎక్కి కూర్చున్నారు. కాగితం అతనికి తిరిగిచ్చారు. "పొన్నూరు బస్సులు ఇంకా నడుస్తున్నాయా?" అని అడిగారు.

"వజ్రమ్మ గుమ్మంలోనే తిడుతుందండి. లోపలికి రానివ్వదు."

"తిట్టనీ. తిడుతూ తిడుతూ అక్క సంగతులన్నీ చెబుతుంది."

తులశమ్మ గారు ఎక్కారు. ఆటో కదలబోతుండగా దాసుగారు తల బయటకు పెట్టి, కుడికన్ను అతని వైపు తిప్పి అన్నారు.

"నువ్వు మాత్రం ఊ కొట్టకు."