కూర్మయ్య పంతులు చుక్కల గంప

అనగనగా, సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా రాని రోజుల్లో, తూర్పు తీరాన ఒక రేవు. ఆ రేవులో ఒక పెద్ద బడి. పడవలు నడిపే తండేళ్ళను తయారుచేసే బడి అది. తీరం పొడుగునా ఎక్కడెక్కడి పిల్లలూ అక్కడికే వచ్చేవారు.

ఆ బడిలో చదువంటే పద్యాలే. ఏ చుక్క ఎప్పుడు పొడుస్తుందో ఒక పద్యం. ఏ చుక్క ఎటు దిగుతుందో ఒక పద్యం. ఏ చుక్కని నమ్ముకుంటే ఏ రేవు చేరతామో ఒక పద్యం. అన్నీ తప్పు లేకుండా అప్పజెప్పినవాడు తండేలు.

ఆకాశం చూపించి చెప్పొచ్చు కదా అంటారేమో. పడవలు ఒడ్డెక్కే వానాకాలంలోనే బడి. ఆ నెలలన్నీ ఆకాశం మబ్బు కప్పుకునే ఉండేది.

పద్యాలు అప్పజెప్పించుకునే పని కూర్మయ్యది. బడిలో అందరికంటే చిన్న పంతులు. మాట మెత్తన, మనిషి బక్కపలచన. పిల్లలు తడబడితే చప్పుడు కాకుండా పెదవి కదిపి అందించేవాడు.

ఒక ఏడు ముగ్గురు కొత్త తండేళ్ళు ఒకే పడవెక్కి బయలుదేరారు. గాలివాన పట్టుకుంది. పడవ దారి తప్పి రాళ్ళకు కొట్టుకుంది. ముగ్గురిలో దానయ్య ఒక్కడే చెక్క పట్టుకుని ఒడ్డు చేరాడు.

కూర్మయ్య వాడి మంచం పక్కన కూర్చున్నాడు. "ఏమైంది నాయనా?"

"వాన వెలిసింది పంతులు గారూ. మబ్బు సందుల్లో చుక్కలు కూడా కనిపించాయి. పద్యాలన్నీ చదివాం. ముగ్గురం కలిసి చదివాం. ఏ చుక్క మీద ఏ పద్యమో మాత్రం తెలియలేదు."

కూర్మయ్య ఆ పూట అన్నం కలిపి, తినకుండా లేచిపోయాడు. ఆ ముగ్గురి చేతా అప్పజెప్పించుకున్నది తనే. "తప్పు లేదు, వెళ్ళండి" అని భుజం తట్టిందీ తనే.

మరి కూర్మయ్య ఊరుకున్నాడా? ఊరుకోలేదు. పాత తెరచాప తెచ్చి, చుక్కలున్న చోటల్లా బొక్కలు పెట్టి, పిల్లల నెత్తిన పందిరిలా కట్టాడు. కింద కూర్చుని చూస్తే వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించింది. గాలి కొట్టేసరికి ధ్రువుడు వెళ్ళి సప్తర్షుల మధ్య పడ్డాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు.

కూర్మయ్య ఊరుకున్నాడా? ఊరుకోలేదు. కుమ్మరి దగ్గర పెద్ద బాన తెచ్చాడు. సగం ఆకాశం తొలిచాక అది నిలువునా పగిలింది.

కూర్మయ్య ఊరుకున్నాడా? ఊరుకోలేదు. బుట్టలల్లే మేదర పైడమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"నలుగురు పిల్లలు కింద కూర్చునేంత కోళ్ళగంప కావాలి పైడమ్మా."

"అంత గంప కింద ఏ కోళ్ళని కమ్ముతారు పంతులు బాబూ?"

"పిల్లలకోడిని. ఆకాశంలో చుక్కల గుంపుగా ఉంటుందే, దాన్ని."

పైడమ్మ నవ్వి, మంచి వెదురు చీల్చి గంప అల్లింది. కూర్మయ్య దాని మీద పేడా మట్టీ కలిపి మెత్తాడు. తడి ఆరకముందే దబ్బనంతో చుక్కలు పొడవాలి. అప్పుడు బడిలో అందరికంటే వెనకబడ్డ నూకన్నను పిలిచాడు. వాడికి రెండు పద్యాలు కూడా వరసగా వచ్చేవి కావు.

"ధ్రువుణ్ణి నువ్వు పొడువు నాయనా. మిగతావాళ్ళంతా ఆయన్ని చూసే సర్దుకుంటారు."

గంపను వసారాలో, వెదురు కర్ర మీద ఏటవాలుగా నిలబెట్టాడు. తిప్పితే ఒక పక్క చుక్కలు పొడిచేవి, ఒక పక్క దిగేవి. ధ్రువుడు కదలడు. ఆ రోజు నుంచి పద్యాలు వల్లె వేసుకోవడం బస దగ్గర, చూడడం బడిలో. పిల్లలకు చుక్కలు అలవాటయ్యాక కూర్మయ్య పేడముద్దలతో బొక్కలు మూసేసి, రెండో మూడో మిగిల్చి అడిగేవాడు. "మబ్బు పట్టింది. ఇవే కనిపిస్తున్నాయి. ఇల్లెటు?"

పెద్ద పంతులు అప్పలాచార్యులకు ఇది నచ్చలేదు.

"పద్యానికి చెద పట్టదు కూర్మయ్యా. నీ గంప రెండు వానలకు కుళ్ళిపోతుంది. అప్పుడేం పెట్టి చెబుతావు?"

"ఇంకోటి అల్లిస్తానండి అయ్యవారూ."

"బడిలో మాత్రం వద్దు."

కూర్మయ్య గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళి, ఒడ్డున పడవలు బాగుచేసే పాకలో దించాడు. అప్పజెప్పడం అయ్యాక పిల్లలు ఒకరి వెనక ఒకరు అక్కడికే చేరారు.

వానలు వెనకబట్టాయి. పద్యాలు రాని నూకన్నకు తండేలు పని ఎవరిస్తారు? నీళ్ళు తోడే పనికి పడవెక్కాడు. నడిసముద్రంలో మళ్ళీ గాలివాన. తండేలు దెబ్బ తగిలి పడిపోయాడు. చుక్కాని పట్టే దిక్కు లేదు. రెండో రోజు తెల్లారేసరికి పడవ రేవులోకి వచ్చింది. చుక్కాని దగ్గర నూకన్న ఉన్నాడు. ఎక్కినవాళ్ళంతా దిగారు.

అప్పలాచార్యులు ఇసుకలో పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఏ పద్యం పట్టుకుని వచ్చావురా?"

"పద్యం గుర్తు రాలేదండి. మబ్బులో గొల్లకావడి మూడు చుక్కలూ కనిపించాయి. పంతులు గారు ఓసారి అవే మిగిల్చి అడిగారు."

ఆచార్యులు తిన్నగా పాకకు వెళ్ళి, ధోవతి ఎగదోపి గంప కిందికి దూరాడు. కూర్మయ్య మెల్లగా తిప్పాడు. ఒక చుట్టు తిరిగాక లోపలి నుంచి మాట వినిపించింది.

"కూర్మయ్యా, నీ పిల్లలకోడి కొంచెం పడమరకు జరిగింది. పద్యంలో అలా లేదు."

"ఎక్కడుండాలో చూపించండి అయ్యవారూ."

ఆచార్యులు వేలు పెట్టి చూపించాడు. కూర్మయ్య పాత బొక్క పూడ్చి అక్కడ పొడిచాడు. సాయంత్రానికి ఇద్దరూ చెరో పక్క పట్టుకుని గంపను బడిలోకి తెచ్చారు. ఆ మీదట ఆచార్యులు పద్యం చదివేవాడు, కూర్మయ్య ఆకాశం తిప్పేవాడు.

కూర్మయ్య పెద్దవాడై, చూపు మందగించి, ఒక వానాకాలంలో కన్నుమూశాడు. పాడె వెంట నడిచినవాళ్ళలో తండేళ్ళే ఎక్కువ.

ఆ తీరాన ఇప్పటికీ వానలు మొదలవగానే కొత్త గంపకు మట్టి మెత్తుతారు. ధ్రువుణ్ణి మాత్రం బాగా చదివేవాళ్ళ చేత పొడిపించరు. ఆ ఏడు అందరికంటే వెనకబడ్డవాణ్ణి వెతికి దబ్బనం వాడి చేతికిస్తారు. వాడు పొడిచి, గంప కిందికి దూరి, తల పైకెత్తి అంటాడు:

"కూర్మయ్య పంతులు గారూ, కనిపిస్తోందండి."