పన్నెండు ముడులూ విప్పేసిన నాంచారు

అనగా అనగా ఒక ఊరర్రా. పేరు నోట్లోనే ఉంది, రావడం లేదు. పోనీ, ఊరైతే ఉంది. ఆ ఊళ్ళో సూరాంబ అని ఒకావిడ. ఆవిడ పెరట్లో పన్నెండు నెలలూ పన్నెండు రకాల కూరలు. సంతలో ఆకు కొన్న పాపాన పోలేదు. కొడుక్కి ఉప్పుమళ్ళ ఊరి నుంచి నాంచారు అనే పిల్లని చేసుకుంది. ఆ ఊళ్ళో ఉప్పు తప్ప గడ్డిపరక మొలవదు. పాపం దానికి ఏది బెండగింజో ఏది బీరగింజో ఏం తెలుస్తుంది? ఊఁ కొట్టండర్రా, నిద్రపోయారా?

సూరాంబ కాశీకి బయల్దేరింది. అప్పట్లో కాశీ అంటే నడకే, పోయి రావడానికి ఏడాది. వెళ్తూ వెళ్తూ కోడలి చేతికి ఒక పాత చీర ఇచ్చింది. దానికి వరసగా పన్నెండు ముడులు. ముడికో విత్తనం, నెలకో ముడి. మృగశిర కార్తెలో మొదటిది విప్పమంది. ఆరుద్రలో అందా? కాదులే, మృగశిరే. ఏడు తరాల విత్తనం, ఒక్కటి పోయినా నీ ఉప్పుమళ్ళకి నువ్వు పో అంది. అలాంటి నోరు ఆవిడది!

అత్త ఊరు దాటిందో లేదో ముసురు పట్టి చీర చెమ్మగిల్లింది. చెమ్మ తగిలితే ఎండలో ఆరబోయడమే నాంచారు పుట్టింటి విద్య. తెరిపివ్వగానే పన్నెండు ముడులూ విప్పి, ఒక్క చాప మీదే పోసి, ఉప్పు నెరిపినట్టు నెరిపేసింది. అయిపోయింది! ఏది ఏ నెలదో? మొగుణ్ణడిగితే, కూరైతే చెప్తాను గానీ గింజల సంగతి నాకేం తెలుసన్నాడు. మహానుభావుడు!

ఏం చెయ్యాలో తోచక, నెల నెలా ఆ కలిసిపోయిన గింజల్లోంచి చిటికెడు తీసి మడిలో చల్లింది. మొలిచిందల్లా మొక్కే అనుకుంది. కలుపుమొక్క ఉత్తరేణికి పందిరి వేసింది, బెండకి పందిరి వేసింది, బీరని నేల మీద వదిలేసింది. ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారని బూడిద చల్లింది, పేడ వేసింది, గొప్పు తవ్వింది.

వానాకాలం బెండ లేచింది, బీర పాకింది, కొత్తిమీర కుళ్ళింది. చలికాలం కొత్తిమీర లేచింది, చిక్కుడు కాసింది, బీర ముడుచుకుంది. ఎండాకాలం తోటకూర లేచింది, దోస పాకింది, మెంతి మాడింది. కుళ్ళినప్పుడల్లా ఏడ్చింది, లేచినప్పుడల్లా నవ్వింది. బతికిన ప్రతిదానికీ కొంత కొయ్యకుండా ముదరనిచ్చి, గింజ తీసి, విడివిడిగా ముంతల్లో దాచింది.

ఏడాదికి సూరాంబ వచ్చింది. కాళ్ళు కడుక్కోకుండానే చీరేదే అంది. నాంచారు జరిగిందంతా చెప్పేసింది. ఒక్క అబద్ధం ఆడలేదర్రా. ఆవిడ కర్ర నేలకేసి కొట్టింది. అప్పుడు నాంచారు పన్నెండు ముంతలూ తెచ్చి వరసగా పెట్టి, ఏది ఎప్పుడు లేచిందో, ఏది ఎప్పుడు చచ్చిందో ఏడుస్తూనే అప్పగించింది.

గోంగూర దగ్గరికొచ్చేసరికి అత్త ఆపింది. కార్తీకంలో వేస్తే ఏమైందే అని అడిగింది. మొలిచింది గానీ జానెడు ఎత్తులోనే పూతకొచ్చిందత్తా అంది నాంచారు.

సూరాంబకి ఇది కొత్త సంగతి. వాళ్ళత్త చెప్పిన నెలలో తప్ప ఆవిడెప్పుడూ వేసి చూస్తేగా! మెల్లగా కోడలి పక్కన నేల మీద చతికిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగని మనిషి, ముంతలన్నీ కోడలి వైపుకి జరిపింది.

"ఏమే నాంచారూ, ఈ నెల మనం ఏం వేద్దాం?"

చూశారా, తెలియనప్పుడు చేతులు ముడుచుక్కూర్చోకూడదు, మట్టినే అడగాలి. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.