కుండలపాలెం మట్టిపెదవుల అమ్మవారు

కుండలపాలెం ఏటిగట్టున వెలసిన అమ్మవారిని దర్శించే భక్తులు మొదట ఆ తల్లి పెదవులనే చూస్తారు. విగ్రహమంతా ఎండిన మట్టి. పెదవులు మాత్రం నడివేసవిలోనూ తడిగానే ఉంటాయి. వాటిని తుడవరాదు. కడుపుతో ఉన్న కోడళ్ళను ఇక్కడికి అత్తలే స్వయంగా వెంటబెట్టుకొని వస్తారు.

పూర్వం ఇక్కడ గవరమ్మ అనే కుమ్మరి ఇల్లాలి ఇల్లుండేది. మాట కరుకే గానీ మనిషి చెడ్డది కాదు. ఆమె కోడలు అచ్చియ్యమ్మ తల్లి లేని పిల్ల. పుట్టింటి నుంచి చలిమిడి తెచ్చేవారు గానీ, ఏం తినాలనుందని అడిగేవారు గానీ ఆ పిల్లకు లేరు. నెల తప్పాక ఆమెకు అన్నం సయించలేదు. తొలకరి వాసన కొట్టే మట్టిగోడ మీదికే మనసు పోయేది. ఒకనాడు గోడ గీరి నోట వేసుకుంటూ అత్త కంట పడింది.

"గోడలు గీరి తింతన్నావేటే? మా ఇంట గంజి నేదని ఊరోలు అనుకోవాలేటి?" అని గవరమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచి, ఆ పూటే గోడలకు వేపాకు ముద్ద మెత్తింది. మట్టి తినడం మాన్పించడంలో తప్పు లేదు. బదులుగా ఏం కావాలని అడగకపోవడమే తప్పు. కొడుకు కడుపున ఉన్నప్పుడు తానూ పచ్చికుండ అంచు కొరికిన మనిషే. అత్తా ఒకింటి కోడలే అంటారు గానీ, పెత్తనం చేతికొచ్చాక అది గుర్తుండేది ఎందరికి?

అచ్చియ్యమ్మ మళ్ళీ గోడ ముట్టలేదు. నోరు విప్పి ఏదీ అడగనూ లేదు. పాలిపోయి, చిక్కి శల్యమై, పురిట్లో బిడ్డతో సహా కన్నుమూసింది.

మైల తీరిన నాటి తెల్లవారుజామున కోడలు గవరమ్మకు కలలో కనబడింది. పెదవులకు మట్టి అంటి ఉంది. "నాకేటి తినాలనుందో ఓపాలి అడగనేదు గదత్తా. ఆ గోడ మట్టితోనే నన్ను నిలబెట్టు. కడుపుతో ఉన్నోలని ఏటి కావాలో అడుగు" అంది. గవరమ్మ గుండెలు బాదుకుంటూ గోడ పడగొట్టి, వేపచేదు పోయేదాకా మట్టిని కడిగి, తన చేతులతోనే ఈ విగ్రహం చేసింది. బొమ్మంతా ఆరింది, పెదవులు ఆరలేదు. బతికినన్నాళ్ళూ ఆమె బెల్లం చలిమిడి పిసికి, ఆ పెదవుల దగ్గర పెట్టి, ఏం తినాలనుందని అడుగుతూనే ఉంది; ఆ తర్వాత ఊళ్ళో కడుపుతో ఉన్నవారినీ అడిగేది.

నేటికీ అత్త కోడలిని ఇక్కడ కూర్చోబెట్టి కోరిక అడుగుతుంది. పులుపైనా తీపైనా, కోడలు చెప్పినప్పుడు కసరరాదు. మట్టో బూడిదో అంటే వాటికి బదులు చలిమిడి ముద్ద పెట్టాలి. ఇలా చేసినవారికి సుఖప్రసవమవుతుందని, తల్లీబిడ్డలు చల్లగా ఉంటారని నమ్మకం.

అయితే కోడలి కంటే ముందు అమ్మవారిని అడగాలి. "ఏటి తినాలనుందే, అమ్మా?" అని అడిగి, అత్త చలిమిడి చేతపట్టుకొని కాసేపు ఆగుతుంది. ఆ ముద్దను తడి పెదవుల దగ్గర పెడుతుంది. ఆ తర్వాతే కోడలి వైపు తిరుగుతుంది.