చేదుదుంప తీర్మానం

మన్యంలో ఆషాఢం వచ్చిందంటే వానతోపాటే ఆకలీ దిగుతుంది. ఇప్పపూలు అయిపోతాయి, కొత్త గింజ ఇంకా పాలు పోసుకోదు. ఆ రెండు నెలలూ అడవి పిల్లల కడుపు నింపేది ఏదుపంది సోమిలి. ఏ తీగ కింద ఏ దుంపుందో, దాన్ని ఎలా తినాలో ఆమెకూ, ఆమెతో తిరిగే ఆడవాళ్ళకూ మాత్రమే తెలుసు.

ఆ ఏడు నక్కరాయుడికి పెద్దరికం మీద మోజు పుట్టింది. ఆహార కమిటీ అని ఒకటి పెట్టి, తనే అధ్యక్షుడై, ఎలుగు మామని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక్క ఆడదాన్నీ పిలవలేదు. మొదటి తీర్మానం ఏమిటయ్యా అంటే, కమిటీ చెప్పందే ఎవరూ దుంప తవ్వకూడదట.

నాలుగు రోజులు మీటింగులే. కుందేలు పిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వీళ్ళ వరస. సోమిలికి ఒళ్ళు మండి సభకు వెళ్ళింది.

"పిల్లలు ఎండిపోతున్నారు రాయుడు బావా. కొండ వెనక చేదుదుంప బోలెడుంది. కాకపోతే దాన్ని..."

"చోటు చెప్పావుగా, చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

"పూర్తిగా వినండయ్యా. తినే ముందు..."

"ఆడవాళ్ళ నస వినే తీరిక సభకి లేదు. వెళ్ళి పొయ్యి చూసుకో," అన్నాడు ఎలుగు మామ. ఈయన పిల్లలకి ఇన్నేళ్ళూ తిండి పెట్టిందీ ఆమే. పెట్టిన చెయ్యి కావాలి, చెప్పిన మాట మాత్రం అక్కర్లేదు.

సాయంత్రానికి కమిటీ వాళ్ళు దుంపలు కుప్ప పోశారు. మళ్ళీ మొలవడానికి మట్టిలో వదలాల్సిన దుంప తలల్ని కూడా పీకి పారేశారు. పిల్లలు ఎగబడబోయారు. వద్దంటే వినే ఆకలా అది? సోమిలి ముళ్ళు విప్పి అడ్డంగా నిలబడింది.

"ఆగండర్రా. పెద్దలు నోట పెట్టందే పిల్లలు కొత్త దుంప ముట్టకూడదు, మన కొండ ఆచారం. రాయుడు బావా, మీరు కానివ్వండి. అంతకు ముందు ఒక్క మాట చెప్పనిస్తారా?"

"తిన్నాక వింటాలే," అని నక్కరాయుడు పెద్ద దుంప నమిలి మింగాడు. ఎలుగు మామ రెండు లాగించాడు.

కాసేపటికి నాలుకలు మందమయ్యాయి. గొంతులు భగ్గుమన్నాయి. ఇద్దరూ వాగుకేసి పరుగో పరుగు.

"అదే చెప్పబోయాను," అంది సోమిలి వెనకాలే వెళ్ళి. "ముక్కలు చేసి మూడు రోజులు పారే నీళ్ళలో నానబెట్టాలి. మీ ఇంటి ఆడవాళ్ళని అడిగినా చెప్పేవాళ్ళు. మీరు అడగరు. మీ పంతానికి నా పిల్లలు చావాలా?"

ఆ పూటకి ఆడవాళ్ళు వాగు గట్టున మిగిలిన కాసిని తీపిదుంపలు తవ్వి పిల్లలకి పెట్టారు. పారేసిన తలలన్నీ ఏరి మళ్ళీ పాతారు. మర్నాటి నుంచి సభలో ముందు వరస వాళ్ళదే. ఎనిమిది రోజులు నక్కరాయుడి నోట మాట పెగల్లేదు. ఆ ఎనిమిది రోజుల్లోనే, వాగులో నానిన చేదుదుంపలతో, అడవి పిల్లలందరికీ తిండి కుదిరింది.

నీతి: అన్నం పెట్టే ఆడదాని మాట విననివాడు ఆకలి తీర్చలేడు.